రాళ్లూ పలకాలి, మనుషులూ పలకాలి: గుంటూరు నుంచి అనురాధపురం యాత్రకు సమగ్ర మార్గదర్శి

మా బ్రాడీపేటలో విదేశం వెళ్లొచ్చినవాళ్లని "ఏం చూశారు?" అని అడిగితే ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. "ఎవరితో మాట్లాడారు?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "డ్రైవరు మంచోడండీ" అంటారు. శ్రీలంకకి మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు నా పరిస్థితీ అంతే. ఐదు రోజుల్లో కాళ్లకు చక్రాలు కట్టుకుని పదకొండు చోట్లు తిరిగాం. ఇంటికొచ్చాక ఏ గుడి ఏ ఊళ్లోదో నాకూ మా ఆవిడకీ లెక్క కుదరలేదు. రెండోసారి తొమ్మిది రోజులకి వెళ్లాం, అందులో నాలుగు రాత్రులు అక్కడి పాత రాజధాని అనురాధపురంలోనే ఉన్నాం. ఇప్పుడు అక్కడ మమ్మల్ని పేరుపెట్టి పలకరించే ఇళ్లు రెండున్నాయి.

తేడా రోజుల సంఖ్యలో లేదు. రెండోసారి వెళ్లేటప్పుడు మా దగ్గర చెప్పుకోవడానికి ఒక సంగతి ఉంది: మా ఊరికీ మీ ఊరికీ పదిహేడు వందల ఏళ్లకు పైబడిన చుట్టరికం అని. కృష్ణా ఒడ్డున పుట్టినవాళ్లకి ఈ సౌకర్యం ఉచితంగా దొరికింది. దాన్ని ఎలా వాడుకోవాలో, మిగతా ఏర్పాట్లు ఎలా చూసుకోవాలో వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: ముందు అమరావతి వెళ్లండి

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు మనలో చాలామంది అమరావతిని కార్తీకమాసంలో అమరేశ్వరుడి గుడి వరకే చూసి ఉంటారు. ఈసారి స్తూపం దగ్గర, పక్కనే ఉన్న పురావస్తు శాఖ మ్యూజియంలో సగం రోజు గడపండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. నేను ఒకసారి శుక్రవారమే వెళ్లి గేటు చూసి తిరిగొచ్చాను.

అక్కడ చూడాల్సినవి మూడు. ఒకటి, పలకల మీద చెక్కిన స్తూపం బొమ్మ. ఇప్పుడు మనకు కనిపించేది ఒక గుండ్రటి దిబ్బే కానీ, ఆనాటి శిల్పులు మహాచైత్యం నిండు రూపాన్ని పలకల మీద చెక్కి పెట్టారు. రెండు, ఆ బొమ్మలో స్తూపానికి ముందుకు పొడుచుకొచ్చిన వేదిక, దాని మీద నిలబెట్టిన ఐదు స్తంభాలు. దాన్ని ఆయక వేదిక అంటారు. నాలుగు దిక్కులా నాలుగు ఉండేవి. బుద్ధుడి జననం, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, నిర్యాణం, ఈ ఐదు ఘట్టాలకు ఆ ఐదు స్తంభాలు గుర్తులని చెబుతారు. మూడు, రాయి. మన పల్నాటి సున్నపురాయి, పాలిపోయిన ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ఈ మూడూ కళ్లలో పెట్టుకోండి. సముద్రం దాటాక మళ్లీ ఎదురవుతాయి.

1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికి ఊళ్లోవాళ్లు ఈ దిబ్బని దీపాల దిన్నె అనేవారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అనే మరో అధికారి తవ్వించాడు. మంచి పలకలు చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియానికి, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాయి. చెన్నై మీదుగా విమానం ఎక్కేవాళ్లు ఎగ్మూరులో రెండు గంటలు ఆగి చూడొచ్చు. అదీ శుక్రవారం తెరవరు.

వీలైతే నాగార్జునకొండ కూడా. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించి తామ్రపర్ణి థేరవాద బౌద్ధ భిక్షువులకు అంకితం చేసింది. తామ్రపర్ణి అంటే సింహళమే. అదే శాసనంలో సీహళ విహారం అన్న పేరు కూడా ఉంది. మనం టిక్కెట్లు కొనుక్కుని అక్కడికి వెళ్లడానికి చాలా ముందే వాళ్లు మన పల్నాటికొచ్చి కాపురం పెట్టారన్నమాట. ఆ శాసనం ఫొటో, అమరావతి స్తూపం పలక ఫొటో, కృష్ణా నది, మీ ఇల్లు, మీ వీధి, మిరపకాయలు ఎండబోసిన కల్లం, ఇలా పది పన్నెండు ఫొటోలు ఫోన్‌లో విడిగా ఒకచోట పెట్టుకోండి. ఈ యాత్రలో మీ అసలు పాస్‌పోర్టు ఇదే. ప్రభుత్వం ఇచ్చేది విమానాశ్రయం దాటడానికి పనికొస్తుంది.

రెండో మెట్టు: కాగితాలు, దారి

ప్రభుత్వం ఇచ్చేది లేనివాళ్లు విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో సమయం తీసుకోండి. పెద్దవాళ్లకు 36 పేజీల మామూలు పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. ఉన్నవాళ్లు గడువు చూసుకోండి, ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలైనా ఉండాలి.

శ్రీలంకకు ఈటీఏ అనే అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మామూలుగా 30 రోజులకు ఇస్తారు. రుసుము, మినహాయింపులు తరచూ మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనే రోజున శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి. ప్రభుత్వానిదేనేమో అనిపించేలా తయారుచేసిన నకిలీ సైట్లు ఉన్నాయి. మా బావమరిది ఒకదాంట్లో డబ్బు కట్టి, ఆ తర్వాత అసలు దాంట్లో మళ్లీ కట్టాడు.

గన్నవరం నుంచి హైదరాబాద్, బెంగళూరు మీదుగా మారి వెళ్లొచ్చు. నా ఓటు మాత్రం చెన్నైకే. విజయవాడ, తెనాలిలో పొద్దున్నే పినాకిని ఎక్కితే పగటిపూటే చెన్నైలో దిగుతారు. సెంట్రల్ నుంచి విమానాశ్రయానికి మెట్రో నేరుగా ఉంది. అక్కణ్ణుంచి కొలంబోకి గంటన్నర లోపే. గడియారం ముల్లు తిప్పే పని కూడా లేదు, టైము మనదే.

ఒక ముఖ్యమైన సంగతి. విమానం దిగే చోటు కొలంబో నగరంలో లేదు. కటునాయకలో, నగరానికి ఉత్తరంగా ముప్పై కిలోమీటర్ల పైన ఉంది. మనం వెళ్లాల్సిన అనురాధపురం కూడా ఉత్తరానే. కొలంబో వెళ్లి మళ్లీ వెనక్కి రావడమంటే మంగళగిరిలో దిగి తెనాలి చుట్టి విజయవాడ వెళ్లడమే. ఆ రాత్రికి పక్కనే ఉన్న నెగొంబోలో పడుకుని, పొద్దున్నే కురునాగల మీదుగా బస్సు పట్టుకోండి. రైలు మీద మోజుంటే కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి జాఫ్నా వైపు వెళ్లే బండ్లు అనురాధపురంలో ఆగుతాయి, నాలుగైదు గంటలు.

కాలం: అక్టోబరు నుంచి జనవరి మధ్య అటువైపు వానలు. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి. ఎండకు భయపడాల్సిన పనిలేదు, రెంటచింతల వేసవి చూసినవాళ్లకి అక్కడి ఎండ ఎండే కాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా: మన రూపాయికి వాళ్లవి మూడు, నాలుగు మధ్య వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడ పనిచేస్తోంది, కానీ పల్లెటూరి టీకొట్టులో పనిచేస్తుందని నమ్ముకోవద్దు. చేతిలో చిల్లర ఉండాలి. సిగిరియా, పొలొన్నరువా లాంటి చోట్ల విదేశీయులకు టిక్కెట్టు ఖరీదెక్కువ. సార్క్ దేశాల వాళ్లకు తగ్గింపు ధర ఉంటుంది, కౌంటర్లో మనంతట మనం అడగాలి, అసలు పాస్‌పోర్టు చూపించాలి. జిరాక్సు చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు.

మూడో మెట్టు: పెట్టెలో ఏం పెట్టాలి

తెల్లబట్టలు. అక్కడ గుడికి వెళ్లే ప్రతివాళ్లూ తెలుపే కడతారు. భుజాలు, మోకాళ్లు కప్పాలి. మంగళగిరి నేతలో తెల్లచీర ఒకటి, తెల్లపంచె లేదా లాల్చీ ఒకటి పెట్టుకుంటే గుంపులో కలిసిపోతారు. రంగురంగుల టీషర్టు వేసుకున్నవాణ్ణి టూరిస్టు అనుకుని తప్పుకుంటారు. తెల్లబట్టల్లో ఉన్నవాణ్ణి పక్కన కూర్చున్నవాళ్లే పలకరిస్తారు. మా ఆవిడ తెల్లచీర చూసి, అంచు పట్టుకుని, ఇది ఎక్కడ నేశారని అడిగినవాళ్లతోనే మా పరిచయాలు సగం మొదలయ్యాయి.

మేజోళ్లు రెండు జతలు. ఆవరణలోకి అడుగుపెట్టగానే చెప్పులు, టోపీ తీసెయ్యాలి. మిట్టమధ్యాహ్నం ఆ రాళ్ల మీద నడవడం అంటే పెనం మీద నడవడమే. మేజోళ్లు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

ఇచ్చుకోవడానికి చిన్నచిన్నవి. కొండపల్లి బొమ్మలు నాలుగైదు, చిన్నవి చాలు. ఏనుగు అంబారీ బొమ్మ అయితే వాళ్లకి ప్రాణం, క్యాండీ పెరహెరా ఊరేగింపులో వాళ్ల ఏనుగు కూడా అలాగే ముస్తాబవుతుంది మరి. పూతరేకులు పొడైపోతాయి, బందరు లడ్డు ఆగుతుంది. ఎండుమిరపకాయలు, విత్తనాలు, మొక్కలు మాత్రం సరిహద్దు దాటించొద్దు, తనిఖీల్లో ఇబ్బంది.

నాలుగో మెట్టు: ఇరవై మాటలు

సింహళం మనకి పరాయి భాషలా అనిపించదు. అక్కని అక్కా అనే అంటారు. మామని మామా అనే అంటారు. అన్నని అయ్యా అంటారు, తమ్ముణ్ణి మల్లి, చెల్లెల్ని నంగి. తాత్తా అంటే మాత్రం తాత కాదు, నాన్న. నేను ఒక నలభై ఏళ్లాయన్ని చూపించి ఆయన కూతురితో మీ తాతా అని అడిగేసి, ఆయన అవునని నవ్వుతూ తలూపితే ఎంత చిన్నవయసులో తాతయ్యాడో అని ఆశ్చర్యపోయాను. వరసపెట్టి పిలవడం మన అలవాటే కదా, అక్కడా అదే మర్యాద. బస్సు కండక్టర్ని మల్లీ అని పిలిస్తే దిగాల్సిన చోటు గుర్తుపెట్టుకుని మరీ దింపుతాడు.

కలవగానే చేతులు జోడించి ఆయుబోవన్. ఆయుష్షు పెరగాలని దాని అర్థం. కృతజ్ఞతకి స్తూతియి. ఎంత అనడానికి కీయద. ఎక్కడ అనడానికి కోహెద. సరే అనడానికి హరి. కొంచెం అనడానికి పొడ్డక్. ఫొటో తీసుకోవచ్చా అనడానికి ఫొటో ఎకక్ గన్న పుళువన్ద. నేను ఇండియా నుంచి వచ్చాను అనడానికి మమ ఇందియావెన్ ఆవే. ఇవి రాకపోయినా ఇంగ్లీషుతో బండి నడుస్తుంది, కానీ బండి నడవడం వేరు, మనసు కలవడం వేరు.

శాకాహారులు ఇంకో మాట నేర్చుకోవాలి: ఎపా, అంటే వద్దు. మాలు అంటే చేప, మస్ అంటే మాంసం, ఎలవలు అంటే కూరగాయలు. మాలు ఎపా, మస్ ఎపా అని చెప్పినా సరిపోదు. కొబ్బరితో చేసే పోల్ సంబోల్‌లో ఉంబలకడ అని ఎండుచేప పొడి వేస్తారు. అందుకని ఉంబలకడ ఎపా అని విడిగా చెప్పండి. అన్నాన్ని బత్ అంటారు. బత్, పరిప్పు అనే పప్పు, రెండు కూరలు, సంబోల్. మనవాళ్లు పస్తుండే ప్రశ్నే లేదు.

ఐదో మెట్టు: అనురాధపురంలో దిగబడిపోండి

క్రీస్తు పూర్వం నుంచి 1017 దాకా వెయ్యేళ్లకు పైగా రాజధానిగా ఉన్న ఊరు. గెస్ట్‌హౌస్‌లలో సైకిళ్లు అద్దెకిస్తారు. కారు వద్దు. కారులో వెళితే డ్రైవరు చూపించిన ఎనిమిది చోట్లు చూస్తారు. సైకిలు మీద వెళితే చెరువు గట్టున చేపలు పట్టేవాడు కనిపిస్తాడు.

మొదటి సాయంత్రం ఏమీ చూడొద్దు. తిస్స వేవ గట్టు మీద కూర్చోండి. వేవ అంటే చెరువు. పొద్దుగూకే వేళ ఊరివాళ్లు అక్కడికి స్నానాలకొస్తారు. వాళ్ల స్నానాల వైపు ఫోన్ తిప్పొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

రెండో రోజు తెల్లవారుజామున శ్రీ మహాబోధి. అశోకుడి కూతురు సంఘమిత్ర క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో బోధగయ నుంచి తెచ్చిన కొమ్మే ఈ రావిచెట్టు. మనిషి నాటిన చెట్లలో, ఎప్పుడు నాటారో తెలిసినవాటిలో ఇదే ప్రపంచంలో అన్నిటికన్నా పాతదంటారు. దగ్గరికి పోనివ్వరు, బంగారు కటకటాల వెనక నుంచి చూడాలి. ఆకు కోయకూడదు. గాలికి రాలిన ఆకు కోసం గంటలకొద్దీ కూర్చునే ముసలమ్మలుంటారు, మీరూ వాళ్ల పక్కన కూర్చోండి. చేతిలో పువ్వులుండాలి. తామర, నీల కలువ గుడి బయట అమ్ముతారు. దేవుడికి పెట్టే పువ్వు వాసన చూడకూడదన్న పట్టింపు మనకెంతో వాళ్లకీ అంతే.

అక్కణ్ణుంచి నడిచి రువన్వెలిసాయ. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో దుట్టగామణి అనే రాజు మొదలుపెట్టిన తెల్లటి మహాస్తూపం. చుట్టూ ఏనుగుల గోడ. ఇక్కడ స్తూపం అంటే అర్థమవుతుంది గానీ, దాగబ అనండి, ధాతుగర్భం అనే మాటే అలా అయింది. నాలుగు దిక్కులా ముందుకొచ్చిన కట్టడాల్ని వాహల్కడ అంటారు. అమరావతి ఆయక వేదిక గుర్తొచ్చిందా? ఈ రెండింటి పోలికని పండితులు ఏనాడో పట్టుకున్నారు. మెట్ల కింద అర్ధచంద్రాకారపు రాయి, సందకడ పహన, మీద తామరపువ్వు, హంసలు, ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు. నాగార్జునకొండలో ఇలాంటి అర్ధచంద్ర శిలలే బయటపడ్డాయి.

ఆ మధ్యాహ్నం ఒక కుటుంబం పొడవాటి కాషాయ వస్త్రాన్ని అందరూ తలా ఒకచోట పట్టుకుని స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది. పక్కన నిలబడి చూస్తుంటే ఒక పెద్దావిడ, రండి మీరూ పట్టుకోండి అని సైగ చేసింది. తిరిగాక నీడలో కూర్చున్నప్పుడు నేను ఫోన్ తీసి అమరావతి పలక చూపించాను. ఆవిడ చూసి, ఇదే కదా అని రువన్వెలిసాయ వైపు చెయ్యి చూపించింది. కాదు, మా ఊరిదని వాళ్ల మనవడి చేత ఇంగ్లీషు నుంచి చెప్పించాను. ఇప్పుడు ఎలా ఉందని అడిగింది. దిబ్బ మిగిలిందన్నాను. ఆవిడ ఫోన్‌కి చేతులు జోడించింది. సాయంత్రం వాళ్లింట్లో కిరిబత్ తిన్నాం, కొబ్బరిపాలతో వండిన అన్నం, మీద లునుమిరిస్ అనే మిరప కారం. మిరప సంగతి వచ్చింది కాబట్టి గుంటూరు సంగతీ వచ్చింది. శ్రీలంక దిగుమతి చేసుకునే ఎండుమిర్చిలో సింహభాగం మన దేశానిదే. ఎండుమిర్చి కల్లం ఫొటో చూసి వాళ్లబ్బాయి చేసిన హడావుడి అంతా ఇంతా కాదు.

ఇలాంటివి కావాలని చేయించుకుంటే జరగవు. కానీ జరిగే చోట, జరిగేంతసేపు ఉండొచ్చు. దానికే నాలుగు రాత్రులు.

మిగతా రెండు రోజుల్లో జేతవనం, అభయగిరి, మిహింతలే. మహాసేనుడు అనే రాజు క్రీస్తు శకం 3వ శతాబ్దంలో మొదలుపెట్టిన జేతవన స్తూపం ఒకప్పుడు 122 మీటర్ల ఎత్తు, సుమారు 9 కోట్ల 30 లక్షల ఇటుకలు. ఆనాటి ప్రపంచంలో ఈజిప్టు పెద్ద పిరమిడ్లు రెండింటి తర్వాత ఇదే ఎత్తయినది. సాయంత్రం ఎండ ఆ ఇటుకల మీద పడే వేళకి వెళ్లండి. అభయగిరి విహారంలో 5వ శతాబ్దంలో చైనా భిక్షువు ఫాహియాన్ ఉన్నాడు. ఇల్లు వదిలి ఏళ్లు గడిచాయి, తోడొచ్చినవాళ్లు కొందరు పోయారు, కొందరు విడిపోయారు. ఒకరోజు బుద్ధ విగ్రహం ముందు ఒక వర్తకుడు సమర్పించిన తెల్లటి చైనా పట్టు విసనకర్ర చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నానని ఆయనే రాసుకున్నాడు. యాత్రికుల రాతల్లో నాకు అంతకన్నా నచ్చిన ముక్క లేదు. మిహింతలే కొండకి 1,840 మెట్లు, పొద్దున్నే ఎక్కండి. అశోకుడి కొడుకు మహిందుడు అప్పటి సింహళ రాజు దేవానాంపియ తిస్సుణ్ణి కలిసిన చోటు అదే.

ఆ కలయిక జరిగింది జూన్‌లో వచ్చే పొసొన్ పున్నమికి. ఆ రోజు తెల్లబట్టల జనసముద్రం, గదులు దొరకవు. అయినా మనుషుల్ని కలవాలనుకునేవాళ్లకి అదే మంచి రోజు. దారి పొడుగునా దన్సల్ అని ఉచిత భోజనాలు, పానీయాలు పెడతారు. మన అన్నదానాలు, చలివేంద్రాల్లాంటివే. తిని వెళ్లిపోకుండా, గంటసేపు వడ్డిస్తానని అడగండి. కాదనేవాళ్లుండరు. ఏ నెలైనా పున్నమిని పోయ అంటారు, సెలవు రోజు. మద్యం, మాంసం అమ్మరు.

ఆరో మెట్టు: నీళ్ల దారిలో సిగిరియా

అనురాధపురానికి నీళ్లొచ్చింది కలా వేవ నుంచి. 5వ శతాబ్దంలో ధాతుసేనుడు అనే రాజు తవ్వించాడు. అక్కణ్ణుంచి తిస్స వేవ దాకా జయగంగ కాలువ, 87 కిలోమీటర్లు. మొదటి భాగంలో కిలోమీటరుకి పది సెంటీమీటర్లే వాలు. కృష్ణా కాలువల మీద బతికేవాళ్లకి ఆ లెక్క విలువ వేరే చెప్పాలా? మనకి 1855లో ఆనకట్ట వచ్చింది, వీళ్లు పద్నాలుగు వందల ఏళ్ల ముందు ఈ పని చేశారు. కలా వేవ గట్టు మీద ఎవరైనా రైతు కనిపిస్తే ప్రకాశం బ్యారేజీ ఫొటో చూపించండి. రైతుకి రైతు ఎప్పుడూ దొరుకుతాడు, నీళ్ల వంతుల గొడవలు అక్కడా ఉన్నాయి.

ధాతుసేనుడి కొడుకే కశ్యపుడు. తండ్రిని బంధించి, నిధి ఎక్కడ దాచావని అడిగితే, ఆయన ఈ చెరువు దగ్గరికి తీసుకెళ్లి, దోసిట్లో నీళ్లు తీసి, నా ఆస్తి ఇదేనన్నాడని, సింహళ రాజుల పాత చరిత్ర మహావంశానికి కొనసాగింపైన చూళవంశంలో కథ. కశ్యపుడు తండ్రిని చంపి, అన్నదమ్ముడి భయంతో సిగిరియా కొండ మీద కోట కట్టుకున్నాడు, 477 నుంచి 495 దాకా ఏలాడు. అందుకే ముందు చెరువు చూసి, తర్వాత కొండ ఎక్కమంటున్నాను. చాలామంది కొండ మాత్రమే చూసి, బొమ్మలు బావున్నాయని దిగిపోతారు.

1,200 మెట్లు, గేటు తెరిచే వేళకే ఎక్కండి. చిత్రాలకు ఫొటో తియ్యకూడదు. కందిరీగల తుట్టెలుంటాయి, గట్టిగా అరవకండి, బోర్డులు సరదాకి పెట్టలేదు. మధ్యలో అద్దంగోడ అని నున్నటి గోడ ఉంది. వెయ్యేళ్ల కిందటి సందర్శకులు ఆ చిత్రాల్లోని ఆడవాళ్ల మీద పద్యాలు గీకారు. పరణవితాన అనే పండితుడు 685 పద్యాలు చదివి ప్రచురించాడు. అప్పటివాళ్లు గీస్తే సాహిత్యం, ఇప్పుడు మనం గీస్తే ఊచలు లెక్కపెట్టాలి.

ఏడో మెట్టు: అక్కడి తెలుగువాళ్లు, ఒక జాగ్రత్త

కలా వేవ, తంబుత్తేగమ చుట్టుపక్కల అహికుంటిక అనే సముదాయం ఉంది. పాములాడించడం, జాతకాలు చెప్పడం, సంచారం వాళ్ల పాత వృత్తులు. ఇప్పుడు చాలావరకు ఊళ్లలో స్థిరపడ్డారు. వాళ్ల ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు. సింహళ దేశంలో పల్లెటూళ్లో తెలుగు వినపడుతుందంటే మనకి ప్రాణం లేచొస్తుంది, పరిగెత్తుకెళ్లాలనిపిస్తుంది.

పరిగెత్తొద్దు. వాళ్లు ప్రదర్శనకి పెట్టిన వస్తువులు కారు. ఈమధ్య కెమెరాలు పట్టుకుని వెళ్లి, ఏదీ తెలుగులో ఒక పాట పాడండి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మీ గెస్ట్‌హౌస్‌వాళ్లకో, ఆ ఊరి బడి పంతులుకో ముందు చెప్పి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి. పాముల ఆట చూపించమని అడగొద్దు. కాసేపు కూర్చుని మీ ఇంటి సంగతులు మీరు చెప్పండి. ఆ యాస కొంత అర్థమవుతుంది, కొంత కాదు. మధ్యలో తమిళం, సింహళం కలుస్తాయి. పిల్లలకి సింహళమే తేలిగ్గా వస్తోంది. మన పిల్లలకి ఇంగ్లీషు వచ్చినట్టే కదా అని ఒకాయన నాతో అంటే బదులు చెప్పలేకపోయాను.

ఎనిమిదో మెట్టు: పొలొన్నరువా, క్యాండీ తొందరగా

దంబుల్లా గుహలు ఒక పూట. పొలొన్నరువా ఒక రోజు: గల్ విహారంలో ఒకే బండరాతిలో చెక్కిన బుద్ధులు, చోళులు కట్టిన శివాలయం, మొదటి పరాక్రమబాహు రాజు పెద్ద చెరువు. వానచుక్క ఒక్కటి కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదని ఆయన అన్నాడంటారు.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంత మందిరం. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలినవాళ్లు మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం నుంచి భిక్షువుల్ని రప్పించి, సన్నగిల్లిపోయిన ఉపసంపద, అంటే భిక్షువుగా పూర్తి దీక్ష ఇచ్చే సంప్రదాయాన్ని నిలబెట్టాడు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్లు 1815లో పట్టుకుని వేలూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. ఈ సంగతి మనం గొప్పగా చెప్పుకోవాల్సింది కాదు. వాళ్లే ఎత్తితే వినండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

దంబుల్లా నుంచి క్యాండీ దారిలో మసాలా తోటలుంటాయి. మమ్మల్ని తెచ్చిన డ్రైవరు టీ తాగుదామని ఒక తోటలో ఆపాడు. ఉచితంగా చూపిస్తామని, చివర్లో మోకాళ్ల నొప్పుల తైలం అంటగట్టారు. దాల్చినచెక్క కొనాలంటే ఊళ్లో సంతలో కొనండి.

అనకూడని మాటలు, చెయ్యకూడని పనులు

బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగకూడదు. ఇది నిజంగా తప్పుగా తీసుకుంటారు. ఒంటి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉంటే కప్పుకోండి. బస్సులో ముందు సీట్లు భిక్షువులవి. ఆడవాళ్లు భిక్షువుల్ని తాకకూడదు, వస్తువు ఇవ్వాలంటే పక్కన పెట్టాలి. పెద్దల ఇంటికి వెళితే తమలపాకులు ఇవ్వడం గౌరవం, మన తాంబూలంలాగే.

రావణుడి మీద జోకులు వద్దు. మన పురాణాల్లో ఎలా ఉన్నా, అక్కడ చాలామందికి ఆయన పూర్వపు మహారాజు. 2009 దాకా సాగిన యుద్ధం గురించి మీరుగా అడగొద్దు. ప్రతి ఇంటిలో ఏదో ఒక దుఃఖం ఉంటుంది, అది ఏ వైపుదో బయటికి తెలియదు. సింహళులుండే చోట అందరితో తమిళం మొదలుపెట్టడం, తమిళులతో సింహళం మొదలుపెట్టడం రెండూ ఇబ్బందే. ఉత్తరాన జాఫ్నా వైపు వెళితే వణక్కం. పాత యుద్ధాల ప్రస్తావన వస్తే ఎళార రాజు కథ గుర్తుచేసుకోండి: తను ఓడించి చంపిన ఎళారుడి సమాధి ముందు వాయిద్యాలు ఆపి గౌరవంగా నడవాలని దుట్టగామణి ఆజ్ఞ వేశాడని మహావంశంలో ఉంది. దాన్ని చెప్పింది మాకు ఒక సింహళ టీచరమ్మే.

తిరిగొచ్చాక

ఫొటోలు పంపిస్తామని అందరం అంటాం, పంపం. వారంలోపు పంపండి, ముసలివాళ్లుంటే కాగితం మీద అచ్చువేయించి పోస్టులో పంపండి. పొసొన్ పున్నమికీ, ఏప్రిల్ మధ్యలో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికీ ఒక మెసేజ్ పెడితే చాలు, ఏళ్లు గడిచినా పరిచయం ఉంటుంది.

శ్రీలంక నుంచి బోధగయ యాత్రకి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో మీ పరిచయస్థులుంటే ఇటూ రమ్మనండి. గన్నవరంలోనో విజయవాడ స్టేషన్‌లోనో దింపుకుని, ఇంట్లో పప్పు, గోంగూర పెట్టి, మర్నాడు దీపాల దిన్నె దగ్గరికి తీసుకెళ్లండి. కిరిబత్ పెట్టిన పెద్దావిడ మనవడు పోయిన జనవరిలో అలాగే వచ్చాడు. టిక్కెట్టు తీసుకునేముందు ఏ రోజు రమ్మంటారని అడిగాడు. ఏ రోజైనా సరే, శుక్రవారం తప్ప అన్నాను.